భీమిలి దాకా తీసుకెళ్లిన కునుకు

"రోజుకు ఆరు కునుకులు, ఒక్కోటి 20 నిమిషాలు, మొత్తం రెండు గంటల నిద్రతో బతకొచ్చంటున్నారు. దానికి అలవాటు పడటానికి ఎన్నాళ్లు పడుతుంది?" అని కదా ప్రశ్న. నేను పదకొండు రోజులు చేశాను. అలవాటు పడలేదు. మాకు అలవాటైపోయిందని ఎవరైనా చెప్తే, ఆ మాట వాళ్లింట్లోవాళ్లు కూడా ఒప్పుకుంటేనే నమ్మండి.

ఇది 2019 మార్చి సంగతి. రుషికొండ ఐటీ కొండ మీద ఆఫీసు, మే మొదట్లో గ్రూప్-2 స్క్రీనింగ్ టెస్టు. చదవడానికి టైమ్ లేదు. అప్పుడు ఒక వీడియోలో ఉబర్‌మ్యాన్ షెడ్యూల్ కంటపడింది. నాలుగు గంటలకోసారి 20 నిమిషాలు పడుకోవాలి, అంతే. లెక్క వేస్తే మామూలుగా పడుకునే ఏడు గంటల్లో రోజుకు ఐదు గంటలు మిగులుతున్నాయి, నెలకు 150 గంటలు! ఆ సంబరంతో ఆ రాత్రి నిద్రే పట్టలేదు. దాన్నే మొదటి రోజు కింద లెక్కేసుకున్నాను.

బండి తాళాలు మాత్రం ఆ పొద్దునే అమ్మకిచ్చేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. రెండు రోజులు హుషారుగానే గడిచాయి. మూడో రాత్రి నుంచి పాలిటీ పుస్తకంలో రాజ్యాంగం 44వ సవరణ దగ్గర ఆగిపోయాను. చదవడం, పేజీ తిప్పడం, ఏం చదివానో గుర్తులేక వెనక్కి రావడం. తెల్లారేదాకా ఇదే పని.

నాలుగో రోజు మద్దిలపాలెంలో భీమిలి బస్సెక్కాను. పదింటి కునుకు బస్సులోనే కానిచ్చేద్దామని ప్లాను. కిటికీ సీటు దొరికింది, చెవిలో ఇయర్‌ఫోన్స్, 20 నిమిషాలకు అలారం. హనుమంతవాక దాటినట్టు గుర్తుంది. తర్వాత ఎవరో టికెట్ మిషన్‌తో భుజం మీద పొడుస్తున్నారు.

"ఏటి బాబూ, దిగవేటి? భీమిలి వచ్చేసింది."

అలారం మోగింది. నేనే ఆపేశాను. ఆపినట్టు గుర్తులేదు. రుషికొండలో కండక్టర్ రెండుసార్లు అరిచాడట కూడా. ఫోన్లో టీమ్ లీడ్ మిస్డ్ కాల్స్ ఏడు. కిందికి దిగాక అది పొద్దునో సాయంత్రమో కాసేపు అర్థం కాలేదు. టీ తాగి, డబ్బులిచ్చి, రెండడుగులు వేసి వెనక్కొచ్చి మళ్లీ ఇవ్వబోయాను. టీ కొట్టతను మంచివాడు కాబట్టి తీసుకోలేదు.

తిరుగు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, భయం. రాడ్ పట్టుకుని నిలబడే తూగుతున్నాను. ఎండుచేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకామె చాలాసేపు చూసి, "ఒంట్లో బాగులేదేటి నాన్నా?" అంది. ఆపుకోలేక మొత్తం చెప్పేశాను, కునుకులు, షెడ్యూలు, మిగిలే గంటలు, అన్నీ. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"మావోళ్లు బోటెక్కితే అంతే కదేటి. వల ఏయాల, లాగాల, మజ్జిన కాసేపు ఒరుగుతారు. ఒడ్డుకొచ్చినాక రెండ్రోజులు లెగరు. మరి నీకేటి వలుందని?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

తర్వాత చదివితే తెలిసింది, ఈ ముక్కల నిద్ర మీద పేరున్న పరిశోధకుడు క్లాడియో స్టాంపీ కూడా గమనించింది సముద్రం మీద ఒంటరిగా పడవ నడిపే పోటీదారులనే. వేరే దారి లేనప్పుడు నిద్రను ఎలా ముక్కలు చేసుకోవాలన్నది ఆయన గొడవ. దాన్ని పట్టుకొచ్చి ఇంట్లో మంచం, ఫ్యాను, దుప్పటి ఉన్నవాడికి అంటగట్టింది ఈ వీడియోలవాళ్లు. ప్రతి వీడియోలోనూ డావిన్సీ ఇలాగే పడుకునేవాడంటారు. దానికి ఆధారం ఒక్కడూ చూపించడు.

ఒళ్లు దారికొస్తే కునుకులోనే నేరుగా కలల నిద్రలోకి వెళ్లిపోతామన్నది వీళ్ల వాదన. మరి గాఢనిద్ర మాటేమిటి? అది రాత్రి మొదటి భాగంలోనే ఎక్కువ పడుతుంది. నిద్ర ఒక చుట్టు తిరగడానికే సుమారు 90 నిమిషాలు కావాలి. మామూలు మనిషికి 20 నిమిషాల కునుకు హాయిగా ఉండేది గాఢనిద్రలోకి దిగకముందే లేస్తాడు కాబట్టి. నిద్ర బాకీ పడ్డవాడు కన్ను మూయగానే అందులోకి జారిపోతాడు. అక్కణ్నుంచి లేపితే భీమిలిలో నేను లేచినట్టే లేస్తాడు.

ఐదో రోజు నుంచి ఎవ్రీమ్యాన్ అనే ఇంకో షెడ్యూల్‌కి మారాను, రాత్రి మూడు గంటలు, పగలు 20 నిమిషాలవి మూడు. కాస్త నయం. ఆఫీసులో నా మొహం చూసి అడగడం మానేశారు. కానీ ఇంట్లో గొడవ మొదలైంది. నా అలారానికి నేను తప్ప అందరూ లేచేవాళ్లు. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో పాతికేళ్లకు పైగా షిఫ్టులు చేసి రిటైరై, రాత్రిపూట నిద్రపోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న మనిషి. ఎనిమిదో రాత్రి ఏమీ అనకుండా నా ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టేశారు. బియ్యంలోంచి కూడా మోగింది.

బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే అమెరికన్ డిజైనర్ ఆరు గంటలకోసారి అరగంట చొప్పున పడుకుంటూ రెండేళ్లు గడిపాడని 1943లో టైమ్ పత్రిక రాసింది. ఎందుకు మానేశాడో కూడా రాసింది. ఆయనతో వ్యాపారం చేసేవాళ్లు మామూలు మనుషుల్లా రాత్రిపూటే పడుకుంటారట, పని కుదరలేదట. ఈ ముక్క వీడియోల్లో ఉండదు.

ఇంకోటి, ఆ మిగిలే గంటలు ఎప్పుడు మిగులుతాయో ఎవరూ చెప్పరు. రాత్రి రెండున్నరకు మిగులుతాయి. మద్దిలపాలెంలో ఆ వేళకు హైవే మీద లారీలు, వీధిలో కుక్కలు, నేను. నిద్ర రాకుండా మొహం కడుక్కోవడం, వరండాలో తిరగడం, మళ్లీ కడుక్కోవడం. మార్చిలోనే వైజాగ్ ఉక్కపోత మొదలైపోయింది, కడిగిన మొహం తుడుచుకునేలోపు మళ్లీ చెమట. పొద్దున్నే నాలుగింటికి లేచి జీవితాన్ని మార్చుకోండని స్టేటస్‌లు పెట్టేవాళ్లంటే నాకు అప్పటి నుంచే మంట.

పదకొండో రోజు శనివారం. రాత్రి మూడు గంటల నిద్రకు పడుకుని, లేచేసరికి ఆదివారం మధ్యాహ్నం. మధ్యలో అమ్మ రెండుసార్లు వచ్చి ఊపిరి ఆడుతోందో లేదో చూసిందట. కోడికూర వాసన వస్తోంది. బండి తాళాలు టీవీ మీద ఉన్నాయి.

గ్రూప్-2 సంగతి అడుగుతారని తెలుసు. పోయింది. పాలిటీలో కాదు, రీజనింగ్‌లో.