ముందు స్క్రూ చూడు, మోటార్లు తర్వాత

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

లోహాన్ని కోసే చిన్న మిల్లింగ్ మెషిన్ కొని, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీగా మార్చుకుంటానని రాశావు. చాలా సంతోషం. కానీ ఉత్తరం నిండా మోటార్లు, కంట్రోలర్లే ఉన్నాయి, మెషిన్ గురించి ఒక్క ముక్క లేదు. కాజీపేట లోకోషెడ్‌లో ఇన్నేళ్లు మెషిన్ల మధ్యే గడిపినవాణ్ణి, నేను మెషిన్‌తోనే మొదలుపెడతాను.

మెషిన్ చూడటానికి వెళ్లేటప్పుడు డయల్ గేజ్ (సన్నని కదలికను కూడా ముల్లుతో చూపే కొలత సాధనం), మాగ్నెట్ స్టాండు వెంట ఉండాలి. స్టాండును మెషిన్ తల మీద నిలిపి గేజ్ మొనను టేబుల్ అంచుకు ఆనించు. ముల్లు కదిలేదాకా హ్యాండిల్ తిప్పి, ఇప్పుడు వెనక్కి తిప్పు. హ్యాండిల్ తిరుగుతుంది, ముల్లు ఉలకదు పలకదు. అది మళ్లీ కదిలేలోపు హ్యాండిల్ మీద దాటిన గీతలే బ్యాక్‌లాష్, అంటే టేబుల్‌ను నడిపే స్క్రూకూ దాని నట్టుకూ మధ్య ఉన్న సందు. చేత్తో పనిచేసేవాడు ఆ సందును ఎరిగి సర్దుకుంటాడు. మోటారుకు ఆ ఎరుక ఉండదు.

నేను మొదట మార్చిన మెషిన్‌కు పాత స్క్రూలే ఉంచి మోటార్లు బిగించాను. వృత్తం కోస్తే, దిశ మారే నాలుగు చోట్లా గోటికి తగిలే మెట్టు. సాఫ్ట్‌వేర్‌లో సవరణ అంకెలు మారుస్తూ వారం పోగొట్టుకున్నాను. కట్టర్ పళ్లు లాగినప్పుడు టేబుల్ ఆ సందులో దానంతటదే జరుగుతుంది, దాన్ని ఏ అంకె ఆపుతుంది? బాల్ స్క్రూలు, అంటే నట్టులో ఉక్కు గుండ్ల మీద సందు లేకుండా తిరిగే స్క్రూలు, వేశాకే ఆ మెట్లు పోయాయి.

పాత మెషిన్ అయితే ఇంకొకటి చూడు. టేబుల్‌ను మధ్యలో ఉంచి గిబ్ (టేబుల్ జారే స్లైడులో వదులు తీసే పట్టీ) బిగించి, రెండు చివరలకూ నడిపించు. చివర్లలో పట్టేస్తుంటే మధ్యలో అరిగిందన్నమాట. స్క్రూ మార్చుకోవచ్చు, అరిగిన స్లైడును ఇంట్లో సరిచేయలేవు. ఎంత తక్కువకిచ్చినా వద్దను. రెండు మెషిన్లలో ఏదని సందేహం వస్తే బరువైనదే తీసుకో.

లెక్క కష్టం కాదు. స్టెప్పర్ మోటారు, అంటే స్టెప్పు స్టెప్పుగా తిరిగే మోటారు, మామూలుగా చుట్టుకు 200 స్టెప్పులు వేస్తుంది. మోటారును నడిపే డ్రైవర్ బోర్డును ఒక్కో స్టెప్పును 8 భాగాలు చేసేలా పెడితే 1600. బాల్ స్క్రూ పిచ్, అంటే ఒక చుట్టుకు జరిగే దూరం, 5 మిల్లీమీటర్లయితే మిల్లీమీటరుకు 320. కంట్రోల్ పెట్టెకు గట్టి మూత వెయ్యి, ఇనుప రజను లోపలికి పోతే బోర్డు కాలుతుంది. ఎర్ర బటన్ నొక్కితే కట్టర్‌ను తిప్పే స్పిండిల్ కూడా ఆగాలి.

పైకీ కిందికీ నడిచే తల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. పాత స్క్రూ బరువును పట్టి ఉంచేది, బాల్ స్క్రూ అలా పట్టదు. గాలివానకు కరెంటు పోయిందనుకో, మోటారు పట్టు సడలి తల కట్టర్‌తో సహా జారి పని మీద పడుతుంది. అక్కడ నీ వేళ్లుండొచ్చు. బ్రేకున్న మోటారు పెట్టు, లేదా ఎదురు బరువు కట్టు. దీంట్లో డబ్బు మిగుల్చుకోవద్దు.

కొన్నాక నెలరోజులు చేత్తోనే నడుపు. ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ వణుకుతుందో తెలిశాకే విప్పు.

నా డయల్ గేజ్‌ను ఆదివారం మీ నాన్నతో కరీంనగర్ పంపిస్తున్నాను. పెట్టె తెరిచేటప్పుడు మొన వంగకుండా చూసుకో.

మీ పెదనాన్న