మార్కెట్ ప్రైస్ అంటే రామ్‌నగర్ మార్కెట్ రేటు కాదు

ప్రశ్న: అంకుల్, మాది దిల్‌సుఖ్‌నగర్. ఏప్రిల్‌లో సియాటిల్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. మేలో టీమంతా కాపర్ రివర్ సాల్మన్ తినడానికి రెస్టారెంటుకి వెళ్తారట. ఎవరి బిల్లు వాళ్లదేనట. ఎంతవుతుంది? ఎలా ఆర్డర్ చేయాలి? నలుగురిలో నవ్వులపాలు కాకుండా ఉండాలంటే ఏం తెలుసుకోవాలి?

జవాబు: అంకుల్ అన్నావు. నేను సియాటిల్ వెళ్లి ఇరవయ్యేళ్లు దాటింది కాబట్టి ఒప్పుకోక తప్పదు. సెలవు మీద వచ్చి, రామ్‌నగర్‌లో మా అక్క వాళ్లింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను తమ్ముడూ. కిటికీ తీస్తే చేపల మార్కెట్ వాసన. నేను చేసిన తప్పుకు మూలం కూడా ఈ మార్కెట్టే.

చిన్నప్పుడు మృగశిర కార్తె రోజు నాన్న నన్ను వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చేవాడు. ఆ రోజు చేప తినకపోతే ఏదో అయిపోతుందన్నట్టు ఊరంతా ఇక్కడే ఉండేది. తొట్టిలో బతికున్న కొరమీనును చూపించి రేటు అడగడం, విని రెండడుగులు వెనక్కి వేయడం, వాడు పిలిచేదాకా అటు తిరిగి నిలబడటం, ఇదీ నాన్న పద్ధతి. మార్కెట్ రేటంటే హోటల్ రేటు కన్నా తక్కువని, అది కూడా తగ్గించుకోవచ్చని నా బుర్రలో అట్లా పడిపోయింది.

2004 జనవరిలో సియాటిల్‌లో దిగాను. కారు లేదు. ఆఫీసులో ఒక గుంటూరాయన, ఒక వరంగల్ ఆయన నాలుగు నెలలు నన్ను పొద్దున, సాయంత్రం కార్లో దింపారు. మేలో సాల్మన్ సీజన్ మొదలైంది, ఎక్కడ చూసినా అదే మాట. "ఈసారి ట్రీట్ నాది" అన్నాను. పెద్ద రెస్టారెంటు, నీళ్ల ఒడ్డున. మెనూలో అన్ని ఐటమ్స్ పక్కన అంకెలున్నాయి. సాల్మన్ పక్కన మాత్రం 'మార్కెట్ ప్రైస్' అని రెండు ముక్కలు. ఇంకేం, చవగ్గా వచ్చేస్తుందనుకున్నాను. లోపల ఎక్కడో అనుమానం వచ్చినా, ధర అడిగితే పరువు పోతుందని అడగలేదు. "ముగ్గురికీ అదే" అన్నాను దర్జాగా.

ప్లేటు వచ్చింది. తుంచి చూస్తే మధ్యలో ఇంకా నిగనిగలాడుతూ, పచ్చిగా ఉన్నట్టు కనపడింది. మనింట్లో చేప అట్లా వస్తే అమ్మను కేకేస్తాం. నేను వెనక్కి పంపించి బాగా ఉడికించమన్నాను. పది నిమిషాల తర్వాత తిరిగొచ్చిన దాని మీద తెల్లగా పెరుగు తరకలాంటిది పేరుకుంది, ముక్క ఎండిన కొబ్బరిలా పొడిపొడిగా రాలింది. అది మంట ఎక్కువైతే చేపలోంచి బయటికొచ్చే ప్రొటీన్ అని తర్వాత తెలిసింది. పక్కన వాళ్లిద్దరూ వెన్నలాంటి ముక్కలు తింటున్నారు. నేను నిమ్మకాయ పిండుకుంటూ కూర్చున్నాను.

బిల్లు, టాక్సుతో కలిపి, నూట డెబ్బై డాలర్లు. నా ఖాతాలో ఉన్నది రెండు వందల పన్నెండు. అప్పట్లో డాలరు నలభై అయిదు రూపాయలు, అంటే ఏడున్నర వేలు దాటింది. ఇదిగో, ఇప్పుడు లోపల టీ పెడుతున్న ఈ అక్క పెళ్లి అప్పుకు నెలనెలా నేను పంపే డబ్బులో సగం! కార్డు ఇచ్చి, అది పని చేస్తుందా లేదా అని ఊపిరి బిగబట్టాను. చేసింది. టిప్పు కింద మూడు ఒక డాలరు నోట్లు పెట్టాను. గుంటూరాయన వాటిని తీసి నా జేబులో పెట్టి, తను ముప్ఫై పెట్టాడు. "ఇక్కడ అంత తక్కువ పెడితే తిట్టినట్టేనయ్యా" అన్నాడు. జీతానికి ఇంకా తొమ్మిది రోజులు. నలభై రెండు డాలర్లతో పప్పన్నం, పచ్చడి. ఆ ముప్ఫై ఆయనకు తిరిగివ్వడానికి నెల పట్టింది.

ఇప్పుడొచ్చే పిల్లలు ఫోన్‌లో అన్నీ చూసుకుంటాం అంటారు. చూస్తారు గానీ టేబుల్ దగ్గర నోరు మాత్రం పెగలదు. కాబట్టి మొదటి పాఠం: మెనూలో 'మార్కెట్ ప్రైస్' అంటే ఏ రోజుకారోజు మారే ధర, "ఇవాళ ఎంత?" అని అడుగు. అక్కడ లక్షాధికారులు కూడా అడుగుతారు. చెప్పిన ధర మీద మూడో వంతు కలుపుకో. టాక్సు పది శాతం పైన, టిప్పు పద్దెనిమిది నుంచి ఇరవై. అరవై డాలర్ల ప్లేటు నీ చేతికి దాదాపు ఎనభై పడుతుంది. కొన్ని చోట్ల సర్వీస్ చార్జి బిల్లులోనే వేసేస్తారు. అది చూసుకోకుండా దాని మీద మళ్లీ ఇరవై శాతం రాసిన మహానుభావుణ్ని కూడా నేనే. ఖచ్చితమైన టాక్సు రేట్లు ప్రభుత్వ సైట్లలో ఉంటాయి, చూసుకో.

రెండోది, తొందరపడకు. కాపర్ రివర్ అలాస్కాలో ఉంది. మే మధ్యలో సీజన్ తెరవగానే మొదటి లోడు విమానంలో సియాటిల్ వస్తుంది. పైలట్ పెళ్లికొడుకును దింపినట్టు చేపను ఎత్తుకుని దిగుతాడు, టీవీల వాళ్లు కాచుకుని ఉంటారు. ఆ వారం ధర ఆకాశంలో ఉంటుంది. మూడు నాలుగు వారాలాగితే చేప అదే, ధర దిగుతుంది. అందులోనూ కింగ్ రకం ఖరీదు. సాకై రకం ఎర్రగా, కాస్త గట్టిగా ఉంటుంది, ధర తక్కువ. ఆగస్టు, సెప్టెంబరులో కోహో వస్తుంది. టీమ్ వాళ్లు మొదటి వారమే అంటే, డిన్నర్ బదులు లంచ్ అని నువ్వే ముందుగా అను. ఎవరూ ఏమీ అనుకోరు.

అంత ఖరీదెందుకని అడుగుతావేమో. మా ఆవిడది రాజోలు. ఆమెకు ఒక్క ముక్కలో అర్థమైంది, "మా పులస లాంటిదే కదండీ" అంది. పుస్తెలమ్మైనా పులస తినాలని వాళ్ల సామెత. సముద్రంలో తిరిగే చేప గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది. సాల్మన్ అయితే నదిలో అడుగుపెట్టాక తిండి మానేస్తుంది, ఒంట్లో దాచుకున్న కొవ్వే దారి ఖర్చు. కాపర్ రివర్ దాదాపు 480 కిలోమీటర్లు, మంచునీళ్లు, వడి ఎక్కువ. అంత దూరానికి సరిపడా కొవ్వు దాచుకున్న చేపను, నది సముద్రంలో కలిసే చోటే పట్టేస్తారు. ఆ కొవ్వే రుచి. అందుకే బాగా ఉడికించమని నాలా అడగకు. 'మీడియం' అను చాలు.

మూడోది వైల్డ్ అనే మాట, అంటే పెంచింది కాదు, సహజంగా పెరిగిన చేప. అలాస్కాలో చేపల పెంపకాన్ని 1990లోనే నిషేధించారు, కాబట్టి అలాస్కా సాల్మన్ అంటే వైల్డే. మెనూలో అట్లాంటిక్ అని ఉంటే దాదాపు ఎప్పుడూ పెంపకం చేపే. మొన్న మా మేనల్లుడు జూబ్లీహిల్స్‌లో ఒక రెస్టారెంటుకి తీసుకెళ్లాడు. 'వైల్డ్ నార్వేజియన్ సాల్మన్' అని మెనూలో ఉంది. నార్వే నుంచి ప్రపంచానికంతా వచ్చేది ప్రధానంగా పెంపకం చేప. ఇది నిజంగా వైల్డేనా అని అడిగితే, కుర్రాడు లోపలికెళ్లి వచ్చి "ఫ్రెష్ సార్, ఎయిర్‌పోర్టు నుంచి డైరెక్ట్" అన్నాడు. మేనల్లుడు తల దించుకున్నాడు. నేను రొయ్యల వేపుడు చెప్పాను. పెంపకం చేప చెడ్డదని కాదు, దానికి వైల్డ్ ధర కట్టడం నాకు ఒప్పదు. ఇండియన్ సాల్మన్ అని రాసి ఉంటే అది రావస్. మంచి చేపే, కానీ సాల్మన్ కాదు.

నువ్వు అడగని మాట ఒకటి. 2011లో అమ్మానాన్నలు వచ్చారు. అప్పటికి సియాటిల్ పక్కన బోథెల్‌లో ఇల్లు కొన్నాను, అక్క అప్పు తీరిపోయింది. వాళ్లను అదే నీళ్ల ఒడ్డు రెస్టారెంటుకి తీసుకెళ్లాను. వెయిట్రెస్ రాగానే నాన్న నాకన్నా ముందే రేటు అడగమన్నాడు. చెప్పాను. కుర్చీ రెండంగుళాలు వెనక్కి జరిపి, అటు తిరిగి నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. పిలిచేవాళ్లెవరూ లేరని అర్థమయ్యాక మళ్లీ ముందుకు జరిగాడు. సగం తిని మిగతాది డబ్బాలో పెట్టించాడు. మర్నాడు అమ్మ ఆ ముక్కల్ని చింతపండు పులుసులో వేస్తే, అది మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఏప్రిల్‌లో దిగాక ఫోన్ చెయ్యి, ఎయిర్‌పోర్టుకి వస్తాను. డిన్నర్‌కి మాత్రం రెండో జీతం పడేదాకా ఎవరికీ మాటివ్వకు.