డెక్ ఎత్తుగా ఉన్న తెరచాప పడవ ఎక్కడం, దిగడం: సమాధానం

డెక్ (పడవ పైతలం) జెట్టీకన్నా, అంటే పడవ కట్టే గట్టుకన్నా, మీటరు ఎత్తులో ఉంది, మోకాళ్ల నొప్పితో దూకి దిగాల్సి వస్తోంది అన్నారు. దూకడం ముందు మానేయండి. తడి చెక్క మీద కాలు జారితే పడేది పడవకీ జెట్టీకీ మధ్య సందులోనే, అక్కడ నలిగిపోతారు.

జెట్టీ మీద మూడు మెట్ల పీట పెట్టండి. ఒక్కో మెట్టు 25 సెంటీమీటర్లు ఉంటే డెక్‌కు మిగిలేదీ అంతే. అడుగున రబ్బరు తప్పనిసరి. డెక్ అంచున ఉండే రెయిలింగ్ తీగకు పడవ నడుమ, మాస్ట్‌ను (తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని) నిలబెట్టే పక్క తీగ దగ్గర గేటు పెట్టించండి. చేత్తో పట్టుకోవాల్సింది ఆ పక్క తీగనే. రెయిలింగ్ తీగ ఊగుతుంది, దాని స్తంభం వంగిపోవచ్చు కూడా.

ఎక్కేముందు పడవ నడుమ ఉండే క్లీట్‌ (తాడు చుట్టే కొక్కెం) నుంచి జెట్టీకి కట్టిన తాడు బిగించండి, లేదంటే కాలు మోపగానే పడవ పక్కకు జరుగుతుంది. సంచులు ముందే పైకి అందించేయండి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. దిగేటప్పుడు ముఖం పడవ వైపే.