ట్రెంచ్ మూతలకు షాక్ వస్తుంటే ఎర్త్ రాడ్ ఒక్కటే చాలదు

కరెంటు కేబుళ్లు వెళ్లే ట్రెంచ్‌లో నీళ్లు చేరినప్పుడల్లా ఇనుప మూతలు తాకితే షాక్ కొడుతోందని, పక్కనే ఒక ఎర్త్ రాడ్ పాతి వాటికి కలిపితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. ముందు ఆ ట్రెంచ్‌లోని సర్క్యూట్లన్నీ ఆపి, స్విచ్‌లకు తాళాలు వేయించి, వోల్టేజీ లేదని టెస్టర్‌తో నిర్ధారించుకోండి. ఆ మూతల మీద మనుషులు నడుస్తున్నారు, దయచేసి రేపటికి వాయిదా వేయకండి.

రాడ్ ఎందుకు చాలదో లెక్క చూడండి. దాని నిరోధం 10 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర పారే కరెంటు 23 ఆంపియర్లకు మించదు. 32 ఆంపియర్ల బ్రేకర్‌కు అది మామూలు లోడు. ట్రిప్ కాదు, మూతలో కరెంటు అలాగే ఉండిపోతుంది. లీకైన కరెంటు మట్టి గుండా కాక, లోహపు దారిలో ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు తిరిగి చేరాలి. అందుకే మూతల ఫ్రేమును, కేబుల్ ట్రేను, కేబుళ్ల ఆర్మర్‌ను (తొడుగు లోపలుండే లోహపు కవచాన్ని) ప్యానెల్‌లోని ఎర్త్ బార్‌కు కలపండి. ఎత్తి దించే మూతలకు అల్లిక రాగి పట్టీ వాడండి. బోల్టు కింద రంగు గీకేసి లోహం మెరిసేలా చేయాలి, చాలామంది ఇక్కడే తప్పుతారు.

ఇక అసలు లీకు. ఒక్కో కేబుల్‌ను రెండు చివరలా విడదీసి దాని ఇన్సులేషన్ నిరోధాన్ని 500 వోల్టుల మెగ్గర్‌తో (ఆ నిరోధాన్ని కొలిచే మీటరుతో) కొలవండి. 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) కంటే తక్కువ చూపితే మళ్లీ కలపవద్దు. మూత అంచు ఆనే చోట కేబుల్ తొడుగును వేలితో తడిమి చూడండి. నలిగి, సన్నగా చీలి ఉండేది ఎక్కువగా అక్కడే.