బోర్డు మీద ఏమి రాయాలి?

‘సొమాటిక్ మూవ్‌మెంట్‌లో శిక్షణ పూర్తి చేశాను, తిరుపతిలో అందరూ యోగా టీచరా, ఫిజియోనా అని అడుగుతున్నారు, మన వృత్తికి గుర్తింపు ఎలా వస్తుంది’ అని మీరు అడిగారు. నేనూ ఈ ఊళ్లోనే ఆరేళ్లుగా ఇదే, అంటే కదులుతూ ఒంట్లో ఏమవుతోందో గమనించడం, నేర్పుతున్నాను. మా ఇంటి యజమానురాలికి నేను నేటికీ యోగా టీచరునే, దిద్దడం మానేశాను.

ముందు నా తప్పు చెబుతాను. బైరాగిపట్టెడలో మేడ మీద గది తీసుకున్నప్పుడు ‘మోకాళ్ల నొప్పులకు కదలిక చికిత్స’ అని బోర్డు రాయించాను. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కే ఊరు కదా, వారం తిరగకముందే జనం వచ్చారు. వారిలో ఒక పెద్దాయన మోకాలు వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంది. అది డాక్టరు చూడవలసిన మోకాలు. నేనేమో మూడు రోజులు చాప మీద పడుకోబెట్టి ఊపిరి గమనించమన్నాను. నాలుగో రోజు ఆయన కూతురు వచ్చింది. ఫిజియోథెరపిస్టు. ‘చికిత్స అని రాయడానికి మీకు ఏ అర్హత ఉంది మేడమ్?’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే బోర్డు దింపించాను. ఇప్పుడు ‘కదలిక పాఠాలు’ అని ఉంది. ఆ అమ్మాయే తన దగ్గర వైద్యం పూర్తయినవారిని నా దగ్గరికి పంపుతోంది.

కాగితాల సంగతి. అమెరికాలో 1988లో మొదలైన ఇస్మెటా అనే మన వృత్తి సంఘం ఎడ్యుకేటర్, థెరపిస్టు వంటి వేర్వేరు పేర్లతో మనలాంటివారిని నమోదు చేస్తుంది. అర్హత ఉంటే చేరండి, కానీ అది మన దేశంలో వైద్యం చేయడానికి లైసెన్సు కాదు. మన 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో మూవ్‌మెంట్ థెరపిస్టు ఉన్నాడు, కళ, నృత్య థెరపిస్టులతో కలిపి. సొమాటిక్ ఎడ్యుకేటర్ అన్న పేరు అందులో లేదు. ఆ వరుసలో మనమూ ఉన్నామని చెప్పుకోకండి. ఆయుష్ యోగా సర్టిఫికెట్ నిజంగా యోగా నేర్పేవారికే.

సర్టిఫికెట్ కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది ఒక్క పేజీ కాగితం. ఏమి నేర్పుతాను, ఏమి చేయను, వాపు, జ్వరం, తిమ్మిరి ఉంటే ఎవరి దగ్గరికి పంపుతాను అని అందులో రాసి, ఫిజియోలకూ నాట్యం నేర్పేవారికీ నేనే వెళ్లి ఇచ్చాను. ఎదుట కూర్చున్నవారితో ‘సొమాటిక్’ అని మొదలుపెట్టకండి. ‘కుర్చీలోంచి లేచేటప్పుడు బరువు ఏ పాదం మీద పడుతోందో చూడండి’ అనండి; అర నిమిషంలో వారికే అర్థమవుతుంది.

అన్నట్టు, రసీదు మీద కూడా ‘పాఠం ఫీజు’ అనే రాయండి.