డేటాలాగ్ ఎక్కడ ఆగుతుంది?

ప్రశ్న: డేటాలాగ్‌లో (నియమాలు రాసి డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) నియమం తనను తానే పిలుచుకుంటుంది కదా, అంతులేకుండా తిరగదా సార్? డేటాబేస్‌లకు అందరూ వాడే ఎస్‌క్యూఎల్ భాష ఉండగా ఇది మాకెందుకు?
– ఓ ఎంసీఏ విద్యార్థిని, వరంగల్

జవాబు: తిరగదమ్మా. ఇది చూడు, ‘:-’ అంటే కుడివైపువి నిజమైతే ఎడమవైపుదీ నిజమని:

పూర్వీకులు(క, గ) :- కన్నవారు(క, గ).
పూర్వీకులు(క, గ) :- కన్నవారు(క, ఖ), పూర్వీకులు(ఖ, గ).

పట్టికలో వెయ్యిమంది ఉంటే వాళ్లతో కట్టగల జతలు పది లక్షలే. నియమాలు కొత్త మనుషుల్ని పుట్టించలేవు. ప్రతి విడతలో కనీసం ఒక కొత్త జత రావాలి, రాకపోతే పని అయిపోయినట్టే. అందుకే నియమాలు అలాగే ఉండి డేటా ఒక్కటే పెరిగితే పాలినామియల్ టైమ్‌లో, అంటే డేటా సైజుకు ఒక స్థిర ఘాతాన్ని మించని సమయంలో, తేలిపోతుంది. నియమాలనూ ఇన్‌పుట్‌లో కలిపావా, లెక్క తారుమారు. పూర్వీకులు(క, గ)లో ఉన్న రెండు స్థానాల బదులు పది స్థానాలుంటే వెయ్యికి పదో ఘాతం! అక్కడ ఎక్స్‌పొనెన్షియల్ టైమ్, అంటే ఇన్‌పుట్ సైజే ఘాతంలోకి ఎక్కి కూర్చునే సమయం, తప్పదు. మీ ప్రశ్నపత్రాల్లో ఈ రెంటినీ కలిపేసి అడుగుతుంటారు, జాగ్రత్త.

ఎస్‌క్యూఎల్ సంగతంటావా, దాని పునాది రిలేషనల్ ఆల్జీబ్రా, అంటే పట్టికలను కలపడం, వడకట్టడం లాంటి పనుల గణితం. ఎన్ని తరాలైనా వెనక్కి వెళ్లే ఈ ప్రశ్నను అందులో రాయలేమని కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఆహో, ఉల్‌మన్ 1979లోనే చూపారు. ఎస్‌క్యూఎల్‌లో దీన్ని రాయనిచ్చే ‘విత్ రికర్సివ్’ 1999 ప్రమాణంలో గానీ రాలేదు.

అలాగని డేటాలాగ్‌ను మరీ నెత్తిన పెట్టుకోకు. పట్టికలో ఉన్నవాళ్లు సరిసంఖ్యా, బేసిసంఖ్యా అని అడిగితే చేతులెత్తేస్తుంది. నెగేషన్ (‘ఇది నిజం కాకపోతే’ అనే షరతు) కలిపినా అంతే. మొదటివారెవరు, చివరివారెవరు, ఎవరి తర్వాత ఎవరు అన్న వరస కూడా ఇస్తే మాత్రం, నెగేషన్ తోడుగా, పాలినామియల్ టైమ్‌లో తేలే ప్రతి ప్రశ్నా రాయొచ్చు. దీని మూలాలు 1982 నాటి ఇమ్మర్‌మన్, వార్డీ ఫలితాల్లో ఉన్నాయి.