పెన్న ఒడ్డున మే నెల వాటర్‌కలర్: వాష్‌లో గీతలెందుకు?

ప్రశ్న: నెల్లూరులో పెన్న ఒడ్డున ఆకాశం వేస్తుంటే వాష్ (నీళ్లు కలిపి పల్చగా పరిచే రంగు పూత) సగంలోనే ఆరి గట్టి గీతలు పడుతున్నాయి. ఏం చేయాలి?

లోపం మీ చేతిది కాదు, వేడి పడమటి గాలిది. ఒక అంచు ఆరిపోయాక దాని పక్కన తడి రంగు పెడితే గీత తప్పదు.

ముందు కాగితం చూసుకోండి. 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందపాటి కాటన్ కాగితాన్ని రెండువైపులా బాగా తడిపి అక్రిలిక్ పలక మీద పరచండి. పలక నీరు పీల్చదు కాబట్టి, వెనకవైపు చిక్కుకున్న తడి పైభాగాన్ని చాలాసేపు ఆరనివ్వదు. పలుచని కాగితం తడికి ఉబ్బి, గుంటల్లో రంగు నిలుస్తుంది.

రంగు అవసరమనుకున్నదానికి రెట్టింపు ముందే కలిపి పెట్టుకోండి. మధ్యలో కలపడానికి ఆగితే ఆ నిమిషంలోనే పని చెడుతుంది. పలకను కాస్త వాలుగా ఉంచి, పెద్ద కుంచెతో పైనుంచి కిందికి, ప్రతి వరస అడుగున నిలిచిన రంగును తాకుతూ దిగండి. రంగు నెమ్మదిగా ఆరడానికి కలిపే గ్లిజరిన్ అరగ్లాసు నీటికి రెండు చుక్కలు చాలు. ఎక్కువైతే రంగు జిగటగానే ఉండిపోతుంది.

సగం ఆరినచోట దయచేసి సరిదిద్దకండి. కుంచెలోని నీరు రంగును తోసుకుపోయి పువ్వులాంటి మరక వేస్తుంది. పూర్తిగా ఆరాక పల్చగా ఇంకో పూత వేయండి.

కాగితం నీడలోనే ఉండాలి. ఎండలో తెలుపు మిరుమిట్లు గొలిపి ముదురు రంగులు వేయిస్తుంది. ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా నల్లగా కనిపిస్తుంది.

నవంబరు వానల్లో మాత్రం ఇదంతా తిరగబడుతుంది: పైవైపు తడి చాలు, గ్లిజరిన్ అసలే వద్దు.